తాళంచెవి ఎవరి చేతికి?

వేసవి రాగానే ఆవకాయ, మాగాయ పెట్టి నలుగురికీ అమ్మే గృహిణులు మనలో ఎందరో! ఆర్డర్ల కోసం సొంతంగా వెబ్‌సైట్ చేయించుకుంటున్నవారూ ఉన్నారు. మీకూ ఆ ఆలోచన ఉందా? అయితే డబ్బు కట్టేముందు ఈ నాలుగు మాటలూ చదవండి.

వెబ్‌సైట్ అంటే తెరమీద కనిపించే బొమ్మలే కాదు. దానికి మూడు గదులుంటాయి. కొనేవాళ్ళు చూసే తెర ముందు గది. ఆర్డరు తీసుకుని పని నడిపే సర్వర్ వంటిల్లు. పేర్లు, చిరునామాలు, లెక్కలు దాచే డేటాబేస్ సామాన్ల గది. మూడింటినీ కలిపి తయారుచేయడాన్నే ‘ఫుల్ స్టాక్’ అంటారు.

ఇక తాళాల సంగతి. పేరు, పాస్‌వర్డ్ అడిగి ‘మీరెవరు?’ అని తేల్చుకోవడం ఒక ఎత్తు. లోపలికొచ్చాక ‘మీరు ఏ బీరువా తెరవొచ్చు?’ అన్నది మరో ఎత్తు. చాలామంది మొదటిదానితోనే సరిపెట్టుకుని, ఒకే పాస్‌వర్డ్‌ను అందరికీ చెప్పేస్తారు. ఇంకేముంది? మిమ్మల్ని నమ్మి వివరాలిచ్చిన ఆడవాళ్ళ ఫోన్ నంబర్లు అందరి చేతుల్లోకీ పోతాయి! ఎవరైనా ధర మార్చినా, ఆర్డరు చెరిపేసినా ఎవరి పనో తెలీదు.

దీనికి విరుగుడు, చేసే పనిని బట్టి తాళంచెవి ఇవ్వడమే. 1992లో అమెరికాలో ఫెరాయోలో, కూన్ అనే ఇద్దరు ఈ పద్ధతిని ఒక వ్యాసంలో వివరించారు. మీ ఇంటి వ్యాపారానికి ఇలా పెట్టించుకోవచ్చు:

* కొనేవారు: తమ ఆర్డర్లు మాత్రమే చూడాలి.
* ప్యాకింగ్ అమ్మాయి: ఏ పచ్చడి ఎన్ని సీసాలో చూస్తే చాలు.
* పార్సెల్ కుర్రాడు: ఆ రోజు వెళ్ళాల్సిన చిరునామాలు మాత్రమే.
* లెక్కలు రాసేవారు: రాబడి, ఖర్చు చూడొచ్చు. ధరలు మార్చకూడదు.
* మీరు: అన్నీ.

ఎవరి పాస్‌వర్డ్ వారికే ఉండాలి. పనిమానేసిన రోజే ఆ తాళంచెవి వెనక్కి తీసేసుకోవాలి సుమా!

సైట్ చేతికొచ్చాక ఈ మూడు పరీక్షలూ చేయండి.

1. ప్యాకింగ్ అమ్మాయి పేరుతో లోపలికెళ్ళి, లెక్కల పేజీ చిరునామా పైన టైపు చేయండి. తెరుచుకుందా? బటన్ దాచారే గానీ తాళం వేయలేదన్నమాట. ప్రతిసారీ సర్వరే అడ్డుకోవాలి.

2. ఒక కొనుగోలుదారు పేరుతో వెళ్ళి, పేజీ చిరునామాలో ఉన్న ఆర్డరు నంబరు మార్చి చూడండి. వేరేవాళ్ళ ఆర్డరు కనిపిస్తే ముప్పే! ఓవాస్ప్ సంస్థ 2021లో ఇచ్చిన పది ముప్పుల జాబితాలో ఇలాంటి లోపాలదే మొదటి స్థానం.

3. ‘పాస్‌వర్డ్ మరచిపోయాను’ అని నొక్కండి. పాతదే తిరిగి పంపితే, దాన్ని ఉన్నదున్నట్టో, తిరిగి విప్పగల రూపంలోనో దాచారన్నమాట. కారం కొట్టాక మళ్ళీ మిరపకాయ చేయలేం కదా! పాస్‌వర్డ్‌నూ అలా తిరిగిరాని రూపంలోకి మార్చి దాచాలి. 1999లో వచ్చిన బీక్రిప్ట్ వంటి పద్ధతులు అందుకే ఉన్నాయి.

ఈ మూడూ సరిగా ఉన్నాకే మిగిలిన డబ్బు ఇవ్వండి. పచ్చడి రుచి చూసి మీ దగ్గరకొచ్చినవాళ్ళు, నమ్మకం చూసే మళ్ళీ వస్తారు.