రేకుల దుమ్ముతో జాగ్రత్త!

క్యాన్సర్ అనగానే "రాసిపెట్టి ఉంది" అనుకుంటాము. కాని క్యాన్సర్లలో 30 నుండి 50 శాతం వరకు రాకుండా ఆపవచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కారణాలలో పొగాకుది మొదటి స్థానం. చేసే పని వలన వచ్చే క్యాన్సర్లూ ఉన్నాయి. 1775లోనే లండన్‌లో పెర్సివాల్ పాట్ అనే సర్జన్, పొగగొట్టాలు శుభ్రం చేసేవారికి మసి వలన క్యాన్సర్ వస్తోందని గుర్తించారు.

మన ఊళ్లలో ఎన్నో ఇళ్లపై ఉన్న సిమెంటు రేకుల్లో చాలావాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దీనినే రాతినార అంటారు. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఒకప్పుడు దీనిని తవ్వేవారు. 60కి పైగా దేశాలు దీనిని నిషేధించాయి.

ఇది ఎలా హాని చేస్తుంది?

దీని పోగులు కంటికి కనబడనంత సన్నగా ఉంటాయి. ఊపిరితో లోపలికి వెళ్లి అక్కడే గుచ్చుకుని ఉండిపోతాయి. 20 నుండి 40 ఏళ్ల తరువాత ఊపిరితిత్తులకో, వాటి పైపొరకో క్యాన్సర్ రావచ్చు. బీడీ, సిగరెట్ అలవాటు ఉంటే ఊపిరితిత్తుల క్యాన్సర్ ప్రమాదం ఎన్నో రెట్లు పెరుగుతుంది. పనివారి బట్టలు ఉతికిన ఇల్లాళ్లకు కూడా ఈ జబ్బు వచ్చింది. ఇంత ఆలస్యంగా బయటపడుతుంది కనుకనే, ఆస్‌బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రికార్డులను 40 ఏళ్లు భద్రపరచాలని 1995లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

పగలకుండా గట్టిగా ఉన్న రేకు కింద నివసించేవారు కంగారు పడనక్కరలేదు. కోసినప్పుడు, రంధ్రం వేసినప్పుడు, పగలగొట్టినప్పుడు లేచే దుమ్ముతోనే అసలు ప్రమాదం.

ఏం చేయాలి?

1. రేకులను మిషనుతో కోయవద్దు. కోయక తప్పకపోతే ఆరుబయట, బాగా తడిపి, చేతి రంపంతో కోయండి.

2. రుమాలు, కండువా ఈ దుమ్మును ఆపలేవు. దుమ్మును వడకట్టే ప్రత్యేక మాస్కు ఇమ్మని యజమానిని అడగండి.

3. పొడి చీపురుతో ఊడ్చవద్దు. తడిగుడ్డతో తుడవండి.

4. పగిలిన ముక్కలను దంచి నేలకో, దారికో వేయవద్దు. పిల్లలను వాటితో ఆడనివ్వవద్దు.

5. పనిబట్టలను ఇంట్లో దులపవద్దు. తడిపి, విడిగా ఉతకండి.

6. పొగ తాగడం మానండి.

దగ్గు, ఆయాసం తగ్గకపోతే డాక్టరుకు చూపించుకోండి. మీరు ఏ పని చేసేవారో తప్పక చెప్పండి. అది ముప్పై ఏళ్ల కిందట మానేసిన పనైనా సరే, మాకు తెలియడం ముఖ్యం.