నడిసముద్రమున మాట: పడవ రేడియోకు శిక్షణ, లైసెన్సు

నర్సీపట్నము సముద్రపుటొడ్డున లేదు. అయినను ఇచ్చటినుండి దక్షిణముగా సుమారు 40 కిలోమీటర్లు పోయినచో పెంటకోట, రాజయ్యపేట మొదలగు మత్స్యకార గ్రామములు కలవు. ఆ తీరపు పంచాయతీ సభ్యులకును, వారి పొరుగువారైన మెట్టసీమ సభ్యులకును పడవ రేడియోను గూర్చి కొన్ని సంగతులు విశదపరుపదలచితిమి. ఆపదలో ప్రాణము నిలుపునది యంత్ర మొక్కటియే కాదు, దానిని వాడుటలోని నేర్పు గూడ.

1996 నవంబరు 6వ తేదీన కోనసీమ తీరమును తాకిన తుపానులో వేటకు వెళ్లిన మత్స్యకారు లనేకులు తిరిగి రాలేదు. విశాఖపట్నమున తుపాను హెచ్చరికల కేంద్రము కలదు. కాని హెచ్చరిక పడవకు చేరనిచో ప్రయోజనమేమి? ఒడ్డు విడిచి కొంత దూరము పోయిన పిదప సెల్‌ఫోను పనిచేయదు. పనిచేసినను పిలిచిన ఒక్కనికే వినిపించును. వి.హెచ్.ఎఫ్. రేడియోలో పలికిన మాట ఆ ఛానెల్‌ను వినుచున్న చుట్టుపట్ల పడవలన్నింటికి ఒకేమారు చేరును. ఆపదలో ముందుగా రాగలవాడు తరచు ప్రక్క పడవవాడే గదా!

ఈ తరంగములు ఇంచుమించు సూటిగా పోవును. కావున ఏరియల్ ఎంత ఎత్తున నున్న మాట అంత దూరము చేరును. చిన్న పడవల నడుమ ఇది సాధారణముగా 10 నుండి 20 కిలోమీటర్లు. ఒడ్డున ఎత్తైన స్తంభమున్నచో అంతకు మించును. మీట నొక్కి మాటాడవలెను, విడిచి వినవలెను. ఒకడు మీటను నొక్కియే యుంచినచో సమీపమున నున్నవారెవ్వరును ఆ ఛానెల్‌లో మాటాడజాలరు.

ప్రపంచమంతటను 156.8 మెగాహెర్ట్‌జ్ గల 16వ ఛానెల్‌ను ఆపద పిలుపులకును, తొలి పలకరింపునకును కేటాయించినారు. ఇది ఊరుమ్మడి చెరువు వంటిది. ఒకడు తన యిష్టము వచ్చినట్లు తూము తెరచిన ఆయకట్టంతయు నష్టపడునట్లే, ఇచ్చట ఊసుపోక మాటలు సాగించినచో మునుగుచున్నవాని కేక ఎవ్వరికిని వినబడకపోవును. లైసెన్సు నియమము వెనుకనున్న కారణమిదియే.

1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టము అనుమతి లేనిదే ఇట్టి యంత్రము నుంచుకొనరాదని విధించెను. 2023లో టెలికమ్యూనికేషన్ల నూతన చట్టము వచ్చినను ప్రభుత్వానుమతి అవసరము తొలగలేదు. అనుమతి రెండు విధములు. మొదటిది యంత్రమునకు: దీనివలన పడవకు గుర్తింపు పేరు, తగిన సెట్టయినచో 9 అంకెల సంఖ్య లభించును. ఆ సంఖ్య 419తో ఆరంభమైనచో అది భారతదేశపు పడవ యని తెలియును. రెండవది మనిషికి: యంత్రమును నడపు పద్ధతి, ఆపద పిలుపు క్రమము తెలిసినవాడని పరీక్షించి యిచ్చు ధ్రువపత్రము.

ఆపద పిలుపు క్రమము కఠినము కాదు. “మేడే” అని మూడుమార్లు, పడవ పేరు మూడుమార్లు పలుకవలెను. పిదప పడవ యున్న చోటు, వచ్చిన ఆపద, కావలసిన సహాయము, పడవలోని మనుష్యుల సంఖ్య చెప్పి మీట విడువవలెను. “మేడే” యనగా ఫ్రెంచి భాషలో “నాకు సహాయము చేయుడు” అని యర్థము. ప్రాణాపాయము లేనప్పుడు ఈ మాట పలుకుట నేరము. గాలివానలో చేతులు వణకునప్పుడు చోటు చెప్ప మరచుట సహజము. ముందుగా అభ్యసించినవాడే తడబడడు.

1963లో కొచ్చిన్‌లో నెలకొన్న కేంద్ర మత్స్య శిక్షణ సంస్థ సిఫ్‌నెట్‌కు విశాఖపట్నమున శాఖ కలదు. మన తీరమున యంత్రపు పడవలకు ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అనగా 61 దినములు, వేట నిషేధము. పడవలు ఒడ్డున నుండు ఈ కాలమే చదువునకు తగిన కాలము.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు ఇవి. ఊరి పడవలలో వేనికి రేడియో కలదో, వేనికి అనుమతి కలదో జాబితా వ్రాయింపుడు. శిక్షణకై మత్స్యశాఖను కోరుడు. ఆపద పిలుపు క్రమమును పెద్ద తెలుగు అక్షరములతో పలకపై వ్రాయించి ప్రతి పడవలో కట్టింపుడు. తీరరక్షక దళపు ఉచిత ఫోను సంఖ్య 1554ను పంచాయతీ గోడపై వ్రాయింపుడు. బ్యాటరీ తడియకుండ ఎత్తున అమర్పుమని చెప్పుడు.

వేటకు పోయినవాని కొరకు ఇంటివారు ఒడ్డున నిలిచి ఎదురుచూచుట తీర గ్రామములకు క్రొత్త కాదు. ఆ యెదురుచూపునకు సమాధానముగా ఒక్క మాట వినిపించునట్లు చేయుట పంచాయతీ చేతిలోని పని.