మీకు తెలుసా? కాలరే ఆస్తి పత్రం!

17వ శతాబ్దపు బోస్టన్‌లో ఖరీదైన లేసు కొనుక్కుంటే చాలదు, తొడుక్కునే అర్హత కూడా ఉండాలి. 1651లో మసాచుసెట్స్ కాలనీ ఒక చట్టం చేసింది. 200 పౌండ్ల ఆస్తి లేనివాళ్లు బంగారు, వెండి లేసులు, గుండీలు వాడకూడదు. గజం 2 షిల్లింగులు దాటిన అల్లిక లేసు జోలికి పోకూడదు. ఆడవాళ్లకు పట్టు ముసుగులు, స్కార్ఫులు నిషేధం. తప్పు చేసిన ప్రతిసారీ 10 షిల్లింగుల జరిమానా. న్యాయాధికారులకూ వాళ్ల ఇంట్లోవాళ్లకూ మాత్రం ఈ కట్టడి లేదు!

ఆ చట్టాన్ని మనసులో పెట్టుకుని, వూస్టర్ ఆర్ట్ మ్యూజియంలోని ఒక పాత బొమ్మ చూడాలి. అందులో ఉన్నది బోస్టన్ వర్తకుడు, లాయరు జాన్ ఫ్రీక్ భార్య ఎలిజబెత్, ఆమె కూతురు మేరీ. ఆ కాలనీలోని నిష్ఠాపరులైన క్రైస్తవులు, అంటే ప్యూరిటన్లు, ఎప్పుడూ నల్లబట్టల్లోనే ఉండేవారనుకుంటాం. ఈవిడేమో భుజాల దాకా పరుచుకున్న తెల్లని లేసు కాలరు, మెడలో ముత్యాలు, చేతులకు ఎరుపు, నలుపు రిబ్బన్ల ముడులతో కూర్చుని ఉంది. పచ్చని గౌను కింద నారింజ రంగు లోపావడా, దానికి బంగారు అంచు. మా ఇంటి ఆస్తి ఎంతో అడగక్కర్లేదన్నట్టే ఉంటుంది. భక్తికీ ఈ ఆడంబరానికీ పొత్తు ఎలా కుదిరిందంటారా? కష్టపడినవాడికి కలిగే సంపద దేవుడి దయేనని వాళ్ల నమ్మకం. ఎవరి అంతస్తుకు తగ్గట్టు వాళ్లు ఉంటే చాలు.

అసలు విశేషం రంగుల కిందుంది. ఎక్స్‌రే తీసి చూస్తే, 1671లో మొదట వేసిన బొమ్మలో పాపే లేదు. ఎలిజబెత్ చేతులు ఒడిలో ఉన్నాయి. 1674లో మేరీ పుట్టాక చిత్రకారుణ్ణి మళ్లీ పిలిపించి, అదే కాన్వాసు మీద తల్లి ఒళ్లో పాపను నిలబెట్టించారు. తల్లి దుస్తులనూ మార్పించారు. పాప వయసు ఆరు నెలలని కాన్వాసు మీదే రాయించారు. ఆ మరుసటి ఏడే, 1675లో, బోస్టన్ రేవులో జరిగిన పేలుడులో జాన్ చనిపోయాడు.

లేసులోని పువ్వుల్ని అంత ఓపిగ్గా తీర్చిన చిత్రకారుడు సంతకం మాత్రం పెట్టలేదు. అందుకే పరిశోధకులు అతణ్ణి, బొమ్మ వేయించుకున్న వాళ్ల ఇంటిపేరుతోనే పిలుస్తున్నారు: ‘ఫ్రీక్ పెయింటర్’.