ఉచిత కోర్సేనా? ఈ ప్రశ్నలు అడిగాకే చేరండి

ఉప్పల్, నాచారం పారిశ్రామికవాడల్లో ఒకపక్క మెషిన్ షాపులు, ఫ్యాక్టరీలు. ఇంకోపక్క జెన్‌పాక్ట్ లాంటి ఐటీ క్యాంపస్‌లు. ఈ చుట్టుపక్కల ఐటీఐ, డిప్లొమా, బీటెక్ పూర్తిచేసి ఖాళీగా ఉన్నారా? అయితే 'సీఎస్ఆర్ కింద ఉచిత శిక్షణ, సర్టిఫికెట్, ప్లేస్‌మెంట్ సాయం' అనే మెసేజ్ మీ ఫోన్‌కీ వచ్చే ఉంటుంది. ఫ్రీయే కదా, పోయేదేముంది అనుకుంటాం. మూడు నెలల టైం పోతుంది, రోజూ బస్సు చార్జీ పోతుంది. ఒక్క జీతం మీద నడిచే ఇంటికి అది చిన్న విషయం కాదు.

దయ కాదు.. చట్టం

కార్పొరేట్ సామాజిక బాధ్యత అంటే కంపెనీ ఇష్టమైతే చేసే దానం కాదు. కంపెనీల చట్టం-2013లోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. నికర విలువ రూ.500 కోట్లు, టర్నోవర్ రూ.1,000 కోట్లు, నికర లాభం రూ.5 కోట్లు.. వీటిలో ఏ ఒక్కటి చేరినా, గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం ఇందుకు ఖర్చు పెట్టాలి. ఉపాధికి పనికొచ్చే వృత్తి నైపుణ్యాల శిక్షణ ఆ జాబితాలో ఉంది. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టం చెబుతోంది. కాబట్టి 'ఇక్కడి యువతకు ఏం చేస్తున్నారు?' అని మన పక్కనున్న పెద్ద కంపెనీని అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

మెలిక ఎక్కడుంది?

సొంత ఉద్యోగుల కోసం మాత్రమే చేసే ఖర్చు సీఎస్ఆర్ లెక్కలోకి రాదు. మామూలు వ్యాపారంలో భాగంగా చేసే పనీ రాదు. అందుకే చాలా కోర్సుల్లో డబ్బిచ్చేది ఒకరు, నేర్పేది ఇంకొకరు, ఉద్యోగం ఇవ్వాల్సింది మరొకరు. బ్యానర్ మీద పెద్ద కంపెనీ లోగో చూసి, ఉద్యోగం కూడా అక్కడే అనుకుంటే పొరపాటే.

ఇవి అడగండి

* గత బ్యాచ్‌లో ఎందరు చేరారు? ఎందరికి ఉద్యోగం వచ్చింది? ఆరు నెలల తర్వాత ఎందరు కొనసాగుతున్నారు?
* మెషిన్ మీద లేదా సిస్టమ్ మీద స్వయంగా పనిచేసే గంటలెన్ని?
* సర్టిఫికెట్ ఎవరిస్తారు? జాతీయ నైపుణ్య అర్హతల చట్రంలో దానికి ఏ లెవెల్ ఉంది?
* నేర్పేది బయటి సంస్థ అయితే, సీఎస్ఆర్-1 నమోదు ఉందా? 2021 ఏప్రిల్ 1 నుంచి ఇది తప్పనిసరి.
* కంపెనీ వెబ్‌సైట్‌లో ఈ ప్రాజెక్టు పేరుందా? బోర్డు ఆమోదించిన ప్రాజెక్టుల వివరాలు అక్కడ పెట్టాలి.

ఉచితమంటూనే డిపాజిట్ అడిగితే, అక్కడే ఆగిపోండి.

గేటు లోపలికి దారి

కోర్సు ఒక్కటే చాలదు. అప్రెంటిస్‌షిప్ కూడా చూడండి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. ఇప్పటి నిబంధనల ప్రకారం 30 లేదా అంతకుమించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం వరకు అప్రెంటిస్‌లను తీసుకోవాలి. సీఎస్ఆర్ పరిధిలోకి రాని మోస్తరు యూనిట్లకూ ఇది వర్తిస్తుంది. అంటే నాచారంలో మీరు రోజూ దాటి వెళ్లే గేట్లలో కొన్ని మీకోసం తెరవాల్సినవే. పైగా స్టైపెండ్ వస్తుంది. ఐటీఐ వాళ్లు అప్రెంటిస్‌షిప్ ఇండియా పోర్టల్‌లో, డిప్లొమా, బీటెక్ వాళ్లు నాట్స్ పోర్టల్‌లో నమోదు చేసుకోవాలి. ఎలక్ట్రానిక్స్, ఇన్‌స్ట్రుమెంటేషన్ వైపు వెళ్లాలనుకుంటే రామంతాపూర్‌లోని జాతీయ నైపుణ్య శిక్షణ సంస్థ పక్కనే ఉంది. ఒకసారి వెళ్లి కనుక్కోండి.

బ్రెజిల్‌లో 1942లోనే సెనాయ్ అనే సంస్థ పెట్టారు. పరిశ్రమలు జీతాల బిల్లులో 1 శాతం దానికి చెల్లిస్తాయి. దాన్ని నడిపేదీ పరిశ్రమల సమాఖ్యే. ఏ మెషిన్ మీద మనుషులు కావాలో వాళ్లకే తెలుసు కాబట్టి అదే నేర్పుతారు. మన దగ్గర డబ్బు, శిక్షణ, ఉద్యోగం విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపే పని ప్రస్తుతానికి మీదే.

అందుకే రివర్స్‌లో మొదలుపెట్టండి. ముందు మీకు దగ్గర్లోని అయిదు యూనిట్లు ఎలాంటి పనివాళ్ల కోసం చూస్తున్నాయో తెలుసుకోండి. అది నేర్పే కోర్సు ఎక్కడుందో తర్వాత వెతకండి. అప్పుడు ఆ మూడు నెలలు వృథా కావు.