గదిలో మోగితే చాలా... మనసును తాకొద్దూ!

చీర కొనేటప్పుడు మనమేం చేస్తాం? మడత విప్పించి, అంచు వేళ్లతో తడిమి, వెలుతుర్లోకి తీసుకెళ్లి రంగు చూశాకగానీ డబ్బులివ్వం. అదే పాటలు వినే స్పీకర్లు కొనేటప్పుడో? ‘‘వాట్లూ వైర్లూ మనకేం తెలుసులే’’ అని శ్రీవారికో, పిల్లలకో వదిలేస్తాం. పొద్దున సుప్రభాతం మొదలు రాత్రి వంటిల్లు సర్దేదాకా ఇంట్లో మోగే పాట ఎక్కువసేపు ఎవరి చెవిన పడుతోంది? మనదే కదా! వినేది మనమైనప్పుడు ఎంపికలో మన మాట ఎందుకుండకూడదు?

ఈమధ్య పాతకాలం తరహా పెద్ద చెక్కపెట్టె స్పీకర్లు మళ్లీ వస్తున్నాయి. బ్రిటన్ కంపెనీ వార్ఫ్‌డేల్ 1965 నాటి ‘లింటన్’ను 2019లో, అమెరికా కంపెనీ జేబీఎల్ 1970 నాటి ‘ఎల్-100’ను 2018లో కొత్తగా తయారుచేసి తెచ్చాయి. వీటి ఖరీదు లక్ష పైమాటే. అంత పెట్టలేకపోయినా, ఆ తరహాలో ఉన్న మంచేమిటో తెలిస్తే మన స్తోమతకు తగినవి ఎంచుకోవచ్చు.

పెద్ద పెట్టె, తేలిక కోను

అమ్మమ్మల కాలం వాల్వు రేడియో గుర్తుందా? చెక్కపెట్టె, అందులో కాగితపు గుజ్జుతో చేసిన కోను. ఆ రోజుల్లో యాంప్లిఫయర్ల శక్తి కొద్దిపాటి వాట్లే. అందుకే ఆ కాస్త శక్తికే పలికేలా కోనును తేలిగ్గా, పెట్టెను పెద్దదిగా చేసేవారు. తర్వాత పెట్టెలు చిన్నవయ్యాయి. చిన్న పెట్టెలోంచి మృదంగం ఎడమవైపు పలికే లోతైన నాదం రావాలంటే కోను బరువు పెంచాలి. బరువు పెరిగితే దాన్ని కదిలించడానికి ఎక్కువ శక్తి కావాలి.

స్పీకరుతో ఇచ్చే కాగితంలో ‘సెన్సిటివిటీ’ అని ఒక అంకె ఉంటుంది. అది చూడండి. 90 డెసిబెల్స్ ఉన్నదానికి 10 వాట్లు సరిపోతే, 87 ఉన్నదానికి అంతే గట్టిగా పలకడానికి 20 వాట్లు కావాలి. 84 అయితే 40. అట్టపెట్టె మీద ‘పీఎంపీవో’ అంటూ వేల వాట్లు రాసి ఉంటే అది ప్రచారమే. ఆర్‌ఎంఎస్ వాట్లు ఎన్నో అడగండి.

మెల్లగా పెట్టి వినండి

మన ఇళ్లలో పాటను హోరెత్తించే వీలెక్కడ? మధ్యాహ్నం అత్తగారు నడుం వాలుస్తారు, సాయంత్రం పిల్లల చదువులు. శబ్దం తగ్గించేకొద్దీ చెవికి కింది స్వరాలు మరీ తగ్గిపోయినట్టు వినిపిస్తాయి. ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు 1933లోనే దీన్ని లెక్కగట్టారు. పాత యాంప్లిఫయర్లలో ‘లౌడ్‌నెస్’ మీట పెట్టింది ఆ లోటు పూడ్చడానికే.

షాపువాళ్లు మాత్రం గట్టిగా పెట్టి వినిపిస్తారు. కాస్త గట్టిగా మోగేదే బాగున్నట్టు ఎవరికైనా అనిపిస్తుంది మరి! అందుకే రెండు జతలు పోల్చేటప్పుడు రెండింటినీ ఒకే స్థాయిలో పెట్టమనండి. తర్వాత ఇంట్లో వినేంత మెల్లగా తగ్గించమనండి. అప్పుడు కూడా మాట స్పష్టంగా, గొంతు నిండుగా ఉంటే అది మీ స్పీకరే.

గొంతే గీటురాయి

బీబీసీ ఇంజనీర్లు స్టూడియోలో మాట్లాడుతున్న మనిషి గొంతునూ, స్పీకర్లోంచి వచ్చే అదే గొంతునూ పోల్చి చూసి స్పీకర్లను సరిదిద్దేవారు. అక్కడ పనిచేసిన స్పెన్సర్ హ్యూస్ 1969లో సొంత కంపెనీ పెట్టి, తన పేరులో సగం, భార్య డొరొతీ పేరులో సగం కలిపి ‘స్పెండార్’ అన్నాడు.

మనమూ అదే పద్ధతి పాటిద్దాం. షాపువాడి పాటలు కాదు, మీకు అక్షరం అక్షరం తెలిసిన పాట తీసుకెళ్లండి. సుశీల గొంతైనా, ఘంటసాల గొంతైనా, ఎమ్మెస్ సుబ్బులక్ష్మి గొంతైనా సరే. ‘స’, ‘ష’ అక్షరాలు చెవిలో గుచ్చుకుంటున్నాయా? మగగొంతు కుండలోంచి వచ్చినట్టుందా? వీణమీద గమకం సాగి సాగి సన్నగా ముగిసేదాకా వినిపిస్తోందా? కనీసం ఇరవై నిమిషాలు కూర్చోండి. మొదట మెరుపులా అనిపించి, కాసేపటికి విసుగు పుట్టించేవి ఉంటాయి.

ఇంకో జాగ్రత్త. పైకి చెక్కలా కనిపించే కాగితం అతికించి, లోపల అరచేతిలో పట్టే స్పీకరు బిగించినవీ ‘పాతకాలం’ పేరుతో అమ్ముతున్నారు. కోను ఎంత ఉందో జాలీ తీయించి చూడండి.

పాతవే కొంటుంటే...

* కోను చుట్టూ ఉండే ఫోమ్ అంచు 15, 20 ఏళ్లకు పొడిపొడిగా రాలిపోతుంది. కొత్తది వేయించుకోవచ్చు, ఆ ఖర్చు ధరలో తగ్గించమనండి.
* కోనును రెండువైపులా వేళ్లతో సుతారంగా నొక్కి చూడండి. గరగరమంటే లోపలి చుట్ట రాసుకుంటోందన్నమాట. వద్దనండి.
* వాల్వు యాంప్లిఫయర్ బాగా వేడెక్కుతుంది. లోపల ప్రాణం తీసేంత వోల్టేజి ఉంటుంది. పిల్లలకు అందనివ్వద్దు, మూత మీరు తీయొద్దు.

ఇంటికొచ్చాక షోకేసులో ఇరికించకండి. మూలకు నెడితే కింది స్వరాలు గుమ్మంటాయి. గోడకు జానెడైనా ఎడం ఉంచి, చిన్న కోను మీరు కూర్చున్నప్పుడు చెవి ఎత్తుకు వచ్చేలా బల్లమీద పెట్టండి. టైల్స్ నేల, ఖాళీ గోడలున్న గదిలో పాట మారుమోగుతుంది. ఓ తివాచీ, మందపాటి కర్టెన్లు, పుస్తకాల బీరువా ఉంటే చాలు, చాలావరకు సర్దుకుంటుంది.

చివరిగా ఒక్క మాట. ఎంత మంచి స్పీకర్లు కొన్నా, పోపు చిటపటల మధ్య వింటే అవీ రేకుడబ్బాలే! వాటికెదురుగా ఒక కుర్చీ వేసుకోండి. రోజూ ఓ పావుగంట చేతిలో పని లేకుండా కూర్చోండి. ‘‘ఇప్పుడు నేను పాట వింటున్నాను’’ అని ఇంట్లోవాళ్లకు చెప్పండి. మొదట్లో వింతగా చూస్తారు. చూడనివ్వండి!