26 వస్తే తప్పినట్టేనా?

మేము బీర్‌గావ్‌లో ఉంటున్న తెలుగు పిల్లలం. అందరం నాన్నల బదిలీలతో ఇక్కడికి వచ్చినవాళ్లమే. మా పక్కింటి అక్క ఇటలీలో ఇంజనీరింగ్ చదువుతోంది. మొదటి సెమిస్టర్ పూర్తయ్యాక ఫోన్ చేసి, "అమ్మా, నా సగటు 26" అంది. పిన్నిగారి ముఖం వాడిపోయింది. మన బడిలో 33 రాకపోతే పాస్ కాదు కదా, 26 అంటే తప్పినట్టేనని ఆవిడ అనుకున్నారు. "నూటికి కాదమ్మా, ముప్పైకి" అని అక్క చెప్పాక గానీ ఆవిడ మనసు కుదుటపడలేదు. ఆ లెక్క ఏమిటో మేము అక్కనడిగి తెలుసుకున్నాం. బడులు మారే పిల్లలకు ఇది పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాం.

ఇటలీ విశ్వవిద్యాలయాల్లో ప్రతి పరీక్షకూ 30 మార్కులు. పాస్ కావాలంటే కనీసం 18 రావాలి. చాలా బాగా రాసినవారికి 30తో పాటు 'లోదె' అని కూడా వేస్తారు. అంటే ప్రశంస అని అర్థం. సగటు కట్టేటప్పుడు చాలాచోట్ల దాన్ని 30గానే తీసుకుంటారు.

ప్రతి సబ్జెక్టుకూ కొన్ని క్రెడిట్లు ఉంటాయి. ఒక క్రెడిట్ అంటే దాదాపు 25 గంటల పని. తరగతిలో కూర్చున్న సమయం, ఇంట్లో చదువుకున్న సమయం రెండూ ఇందులో కలుస్తాయి. ఏడాదికి 60 క్రెడిట్లు, మూడేళ్ల డిగ్రీకి 180.

సగటు దగ్గరే అసలు సంగతి ఉంది. ముందు మన సంతకు వెళ్దాం. కిలో 40 రూపాయల చొప్పున 10 కిలోల బియ్యం, కిలో 100 రూపాయల చొప్పున 2 కిలోల పప్పు కొన్నామనుకోండి. 40, 100 కలిపి రెండుతో భాగిస్తే 70 వస్తుంది. కానీ మనం ఇచ్చింది 400, 200 కలిపి 600 రూపాయలు. తెచ్చుకున్నది 12 కిలోలు. అంటే కిలోకు సగటున 50 రూపాయలే పడింది. బియ్యం ఎక్కువ కొన్నాం కాబట్టి దాని ధరే సగటును కిందికి లాగింది. ఇలా ఎంత బరువుకు అంత లెక్క కట్టేదాన్ని భారిత సగటు అంటారు.

అక్క మార్కులకు కూడా ఇదే పద్ధతి. ఇక్కడ కిలోల బదులు క్రెడిట్లు ఉంటాయి.

గణితం: 12 క్రెడిట్లు, 24 మార్కులు. 12 × 24 = 288
భౌతికశాస్త్రం: 9 క్రెడిట్లు, 26 మార్కులు. 9 × 26 = 234
రసాయనశాస్త్రం: 6 క్రెడిట్లు, 28 మార్కులు. 6 × 28 = 168
కంప్యూటర్: 3 క్రెడిట్లు, 30 మార్కులు. 3 × 30 = 90

మొత్తం 780. దీన్ని 30 క్రెడిట్లతో భాగిస్తే 26. నాలుగు మార్కులనూ కలిపి నాలుగుతో భాగించి ఉంటే 27 వచ్చేది. అవే మార్కులు తలకిందులై గణితంలో 30, భౌతికశాస్త్రంలో 28, రసాయనశాస్త్రంలో 26, కంప్యూటర్‌లో 24 వచ్చి ఉంటే మొత్తం 840, సగటు 28 అయ్యేది. మార్కులు అవే అయినా ఏ మార్కు ఏ సబ్జెక్టులో వచ్చిందన్నదాన్ని బట్టి సగటు 26 నుంచి 28 దాకా మారింది. అందుకే అక్క ఈసారి గణితానికి ఎక్కువ సమయం ఇస్తానంది.

డిగ్రీ చివర ఇచ్చే మార్కు 110కి ఉంటుంది. సగటును 110తో గుణించి 30తో భాగిస్తారు. 26 అయితే 95.33 వస్తుంది. దీనికి చివరి ప్రాజెక్టు పని పాయింట్లు కలుపుతారు. ఎన్ని కలపాలన్న నియమం ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది. పాస్ మార్కు 18ని ఇలాగే మార్చి చూడండి, సరిగ్గా 66 వస్తుంది. డిగ్రీ పాస్ కావడానికి కావలసింది కూడా అంతే.

మరి 26ను నూటికి మార్చుకుంటే సరిపోదా? 86.67 వస్తుంది. కానీ అక్కడ పాస్ మార్కు 18 అంటే నూటికి 60. మన దగ్గర 33. పాస్ గీత వేరైనప్పుడు శాతాలు పక్కపక్కన పెట్టి పోల్చినా సరైన పోలిక కాదు.

ఇలాంటి తేడాలు మన దేశంలోనూ ఉన్నాయి. సీబీఎస్‌ఈ పదో తరగతిలో 2017 వరకు సీజీపీఏ ఇచ్చేవారు. అది ఐదు ప్రధాన సబ్జెక్టుల గ్రేడు పాయింట్ల మామూలు సగటు. దాన్ని 9.5తో గుణిస్తే సుమారు శాతం వచ్చేది. కాలేజీల్లో ఇచ్చే సీజీపీఏ మాత్రం అక్క లెక్కలాగే క్రెడిట్లతో కట్టినది. పేరు ఒకటే, లెక్క వేరు. కాలేజీలో చదువుతున్న అన్నయ్య 8 పాయింట్లను 9.5తో గుణించి 76 శాతం అని రాసేస్తే తప్పు కావచ్చు. వాళ్ల విశ్వవిద్యాలయం ఇచ్చిన సూత్రమే వాడాలి.

రేపు మళ్లీ బదిలీ వస్తుంది. కొత్త ఊరు, కొత్త బడి. ఎవరైనా మన మార్కులు చూసినా, మనం ఇంకొకరివి చూసినా మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఎంతకు వచ్చింది? పాస్ గీత ఎక్కడ? ఏ సబ్జెక్టుకు ఎంత బరువు? వీటికి జవాబు దొరికేదాకా పొంగిపోవద్దు, కుంగిపోవద్దు.

ఇప్పుడు మాలో ఎవరు మార్కులు చెప్పినా పిన్నిగారు ముందు "ఎంతకు?" అని అడుగుతున్నారు.