ఫ్యాను తిరుగుతోంది, డిస్‌ప్లే ఎందుకు రావట్లేదు?

ప్రశ్న: మాది బహదూర్‌పురా. పెళ్ళి పత్రికలు, విజిటింగ్ కార్డులు ఇంట్లోనే డిజైన్ చేసి ఛత్తా బజార్‌లో ప్రింటింగుకు ఇస్తుంటాను. నాది హెచ్61 బోర్డు, ఐ3-2120 ప్రాసెసర్ ఉన్న పాత సిస్టమ్. పని నెమ్మదిగా సాగుతోందని ఒక షాపులో సెకండ్‌హ్యాండ్ ఐ7-3770 కొని నేనే బిగించాను. ఆన్ చేస్తే ఫ్యాను తిరుగుతుంది, కొన్ని సెకన్లకు ఆగుతుంది, మళ్ళీ దానంతటదే తిరుగుతుంది. మానిటర్ మీద ఏమీ రాదు. ప్రాసెసర్ పోయిందా? చెడిపోయింది అంటగట్టారా?

జవాబు: పోయి ఉండే అవకాశం తక్కువ. డెస్క్‌టాప్‌లో ముందుగా పాడయ్యేవి ఎస్‌ఎంపీఎస్, హార్డ్ డిస్క్, ఫ్యాన్లు, బోర్డు మీది కెపాసిటర్లు. ప్రాసెసర్ వంతు చాలా వెనక వస్తుంది. ఏదో ఆఫీసులో ఏళ్ళ తరబడి నడిచి, వాళ్ళు సిస్టమ్‌లు మార్చుకున్నప్పుడు బజారుకొచ్చిన ప్రాసెసర్ మీ ఇంటికి రాగానే ఆగిపోవడానికి పెద్ద కారణం కనబడదు. కాబట్టి అమ్మినవాళ్ళతో గొడవకు బయల్దేరే ముందు ఇది పూర్తిగా చదవండి. మీరు చెప్పిన లక్షణాలను బట్టి నా అనుమానం బోర్డులోని బయోస్ మీద ఉంది. ఎందుకో చెబుతాను.

మీరు స్విచ్ నొక్కగానే ఎస్‌ఎంపీఎస్ 12, 5, 3.3 వోల్టుల కరెంటు ఇస్తుంది. ఫ్యాను తిరగడానికి అది చాలు. ఫ్యాను తిరిగిందంటే కరెంటు వచ్చిందని మాత్రమే అర్థం, కంప్యూటర్ మేలుకుందని కాదు. వోల్టేజీలు నిలకడగా ఉన్నాయని ఎస్‌ఎంపీఎస్ బోర్డుకు సంకేతం పంపాకే ప్రాసెసర్ కదులుతుంది. అప్పటికి దానికి ర్యామ్ లేదు, హార్డ్ డిస్క్ లేదు, తెర లేదు. మీ రెండు ప్రాసెసర్లలో ఏదైనా లేవగానే ఒకే చోటుకు వెళ్తుంది: 4 జీబీ చిరునామాల హద్దుకు సరిగ్గా 16 బైట్ల కింద ఉన్న చోటు. బోర్డు మీది చిన్న బయోస్ చిప్‌లోని మొదటి ఆదేశం అక్కడ దొరుకుతుంది. ర్యామ్ ఇంకా సిద్ధం కాలేదు కనుక తనలోని క్యాషేనే తాత్కాలికంగా ర్యామ్‌లా వాడుకుంటూ ఆ ప్రోగ్రామ్‌ను నడుపుతుంది. ప్రాసెసర్‌ను గుర్తుపట్టడం, దానికి తగిన మైక్రోకోడ్ ఎక్కించడం, చిప్‌సెట్‌ను సర్దడం, ర్యామ్‌ను వెతికి దాని వేగం కుదర్చడం, ఆ తర్వాత గ్రాఫిక్స్. ఇంత జరిగాక గానీ మానిటర్‌కు బొమ్మ అందదు.

అందుకే ‘నో డిస్‌ప్లే’ అన్న ఫిర్యాదు మానిటర్ గురించి దాదాపు ఏమీ చెప్పదు. తెర వెలగడానికి ముందున్న మెట్లలో ఎక్కడో పని ఆగిందని చెబుతుంది, అంతే. ఏ మెట్టు దగ్గర ఆగిందో పట్టుకోవాలి.

ఇప్పుడు మీ విషయం. ఐ3-2120 రెండో తరం ప్రాసెసర్, 2011లో వచ్చింది. ఐ7-3770 మూడో తరం, 2012 ఏప్రిల్‌లో వచ్చింది. రెండింటికీ సాకెట్ ఒకటే, ఎల్‌జీఏ 1155. హెచ్61 చిప్‌సెట్ మాత్రం రెండో తరంతో పాటు పుట్టింది. మూడో తరం రాకముందు తయారైన హెచ్61 బోర్డు బయోస్‌లో ఆ ప్రాసెసర్‌కు కావలసిన మైక్రోకోడ్ గానీ, దాన్ని సర్దే ప్రోగ్రామ్ గానీ ఉండవు. ఇంటెల్ మేనేజ్‌మెంట్ ఇంజిన్ అనే మరో ఫర్మ్‌వేర్ కూడా ఆ చిప్‌లోనే ఉంటుంది. మూడో తరానికి అది కూడా 7వ వెర్షన్ నుంచి 8కి మారాలి. ఇవి లేకపోతే ప్రాసెసర్ సరిగ్గా కూర్చుంటుంది, కరెంటు అందుతుంది, ఫ్యాను తిరుగుతుంది, బయోస్ మొదటి మెట్ల దగ్గరే తడబడుతుంది, బోర్డు తనను తాను రీసెట్ చేసుకుని మళ్ళీ మొదలుపెడుతుంది. మీరు చూస్తున్నది బహుశా ఇదే.

దీన్ని తేల్చే పరీక్షకు పైసా ఖర్చు లేదు. పాత ఐ3 తిరిగి పెట్టండి. దయచేసి ఈ పనిని దాటేయకండి, మిగతా ఏ పరీక్షా ఇంత చెప్పదు. పాతది పెట్టగానే డిస్‌ప్లే వచ్చిందనుకోండి: ఎస్‌ఎంపీఎస్, ర్యామ్, మానిటర్, కేబుల్ అన్నీ బాగున్నట్టే, సాకెట్ పిన్నులు కూడా దాదాపుగా నిర్దోషులే. ఇక మిగిలింది రెండే, బయోస్ లేదా కొత్త ప్రాసెసర్. పాతది పెట్టినా రాలేదంటే కొత్త ప్రాసెసర్‌ను నిందించడానికి లేదు. మార్చే పనిలోనే ఏదో కదిలింది, వంగింది, లేదా పెట్టడం మర్చిపోయారు.

ముందు రెండో సంగతి, అంటే పాతది పెట్టినా డిస్‌ప్లే రాకపోతే ఏం చూడాలో. క్యాబినెట్ తెరిచాక మన చేతి వల్ల జరిగేవి కొన్నే. ఎస్‌ఎంపీఎస్ నుంచి 24 పిన్నుల పెద్ద కనెక్టర్ కాక, ప్రాసెసర్ పక్కన గుచ్చే 4 పిన్నుల చిన్న కనెక్టర్ ఒకటి ఉంటుంది. కొన్ని బోర్డుల్లో అది 8 పిన్నులది. ప్రాసెసర్‌కు కరెంటు వెళ్ళేది దాని గుండానే. కూలర్ తీసేటప్పుడు అడ్డొస్తోందని పీకి, మళ్ళీ పెట్టడం మర్చిపోయేవాళ్ళు చాలామంది. అది లేకపోయినా ఫ్యాను తిరుగుతూనే ఉంటుంది, అదే మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఆ తర్వాత ర్యామ్. బోర్డు మీద చేయి ఒత్తినప్పుడు కాస్త లేచి ఉండవచ్చు. తీసి, బంగారు రంగు కాంటాక్టులను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, దుమ్ము దులిపి, ఒకే ర్యామ్‌ను ఒక స్లాట్‌లో, తర్వాత రెండో స్లాట్‌లో పెట్టి చూడండి. ఒక స్లాట్‌లో వచ్చి రెండోదాంట్లో రాకపోతే సాకెట్‌లో పిన్ను వంగిందేమో చూడాల్సిందే, ఎందుకంటే ఈ తరాల్లో ర్యామ్‌ను నడిపే కంట్రోలర్ ప్రాసెసర్‌లోనే ఉంటుంది. దాని దారులు ఆ పిన్నుల మీదుగానే పోతాయి.

పిన్నులంటే సాకెట్‌లోని 1155 సన్నని స్ప్రింగులు. మొబైల్ టార్చ్‌ను ఏటవాలుగా పట్టుకుని నాలుగు వైపుల నుంచీ చూడండి. అన్నీ ఒకే తీరున మెరవాలి. ఒకటి వేరే దిక్కుకు మెరిస్తే అది వంగినట్టు. చేయి స్థిరంగా ఉన్నవాళ్ళు లెడ్ తీసేసిన పెన్ పెన్సిల్ మొనతో సరిచేస్తారు. అలవాటు లేకపోతే ఆ సాహసం వద్దు, చిప్ లెవెల్ రిపేరు చేసే మనిషికి మైక్రోస్కోపు ఉంటుంది, అతనికివ్వండి. ఏఎమ్‌డీ వారి ఏఎమ్4 ప్రాసెసర్లకైతే పిన్నులు ప్రాసెసర్ కిందే ఉంటాయి, 1331. ఎండిపోయిన థర్మల్ పేస్ట్ వల్ల కూలర్ లాగినప్పుడు ప్రాసెసర్ కూడా సాకెట్ నుంచి ఊడి వచ్చి వంగిపోయే ప్రమాదం వాటికి ఎక్కువ. సిస్టమ్‌ను కాసేపు నడిపి వేడెక్కాక ఆపి, కూలర్‌ను పైకి లాగకుండా అటూ ఇటూ తిప్పి తీయాలి.

కూలర్ సరిగా కూర్చోకపోవడం వల్ల కూడా కంప్యూటర్ ఆగుతుంది, కానీ దాని తీరు వేరు. మామూలుగా డిస్‌ప్లే వచ్చి, వేడెక్కాక ఆగిపోతుంది. మొదటి నుంచీ తెర నల్లగానే ఉంటే కూలర్‌ను చివరన అనుమానించండి.

ఇక్కడ పది రూపాయల వస్తువు లాంటి ఒక చిన్న స్పీకర్ గురించి చెప్పాలి. బోర్డు మూలన ‘స్పీకర్’ అని రాసి ఉన్న నాలుగు పిన్నులకు దాన్ని తగిలిస్తే బయోస్ తన బాధను బీప్‌లతో చెబుతుంది. పాత క్యాబినెట్లలో ఉండేది, ఇప్పుడు చాలావాటిలో రావడం లేదు. ముందు పాత ప్రాసెసర్‌తో, ర్యామ్ పూర్తిగా తీసేసి ఆన్ చేయండి. ‘ర్యామ్ లేదు’ అని బీప్ కొడుతుంది. తర్వాత కొత్త ప్రాసెసర్‌తో అదే చేయండి. ఇప్పుడూ బీప్ వస్తే కొత్తది బతికే ఉంది, ఆదేశాలు నడుపుతోంది, ర్యామ్ మెట్టు దాకా వచ్చింది. గొడవ ర్యామ్ దగ్గరో గ్రాఫిక్స్ దగ్గరో ఉంది. బీప్ రాకపోతే అంతకుముందే ఆగింది. అది చావుకు రుజువు కాదు, బయోస్‌కు ఆ ప్రాసెసర్ తెలియకపోయినా అలాగే మౌనంగా ఉంటుంది.

సరే, పాతది పెడితే డిస్‌ప్లే వచ్చింది. ఇప్పుడేం చేయాలి?

పాతదాన్ని అలాగే ఉంచి బయోస్ అప్‌డేట్ చేయాలి. వరస ముఖ్యం: కొత్త ప్రాసెసర్‌తో తెరే రాదు కనుక ఈ పని పాతదానితోనే అవుతుంది. స్టార్ట్ దగ్గర ఎమ్‌ఎస్‌ఇన్ఫో32 అని కొడితే బయోస్ వెర్షన్, తేదీ కనిపిస్తాయి. తేదీ 2011ది అయితే నా అనుమానం దాదాపు నిజమైనట్టే. బోర్డు పేరు స్లాట్ల మధ్య ముద్రించి ఉంటుంది, పక్కనే రివిజన్ నంబర్ కూడా ఉంటుంది. రెండూ రాసుకోండి. ఒకే పేరుతో రెండు రివిజన్లు ఉంటే బయోస్ ఫైళ్ళు వేరుగా ఉండొచ్చు. తయారీ కంపెనీ ఇచ్చే ప్రాసెసర్ల జాబితాలో ఐ7-3770 ఎదురుగా ఏ వెర్షన్ నుంచి పనిచేస్తుందో రాసి ఉంటుంది. మేనేజ్‌మెంట్ ఇంజిన్ ఫైలు విడిగా ఉంటే వాళ్ళు చెప్పిన వరసలోనే ఎక్కించండి. ఆ కొద్ది నిమిషాల్లో కరెంటు పోకూడదు, యూపీఎస్ మీదే చేయండి. ఒకవేళ మధ్యలో ఆగిపోయి బోర్డు మూగబోయినా దాన్ని తుక్కు కింద అమ్మకండి. ఆ ఎనిమిది కాళ్ళ చిప్‌ను ప్రోగ్రామర్‌తో మళ్ళీ రాస్తారు, చిప్ లెవెల్ షాపుల్లో అది రోజూ చేసే పని.

అప్‌డేట్ అయ్యాక ప్లగ్గు పీకేసి, బోర్డు మీది సీఆర్2032 సెల్ తీసి, ఐదు నిమిషాలాగి పెట్టండి. పాత ప్రాసెసర్ తాలూకు సెట్టింగులు పోతాయి. అప్పుడు కొత్తది బిగించండి. మొదటిసారి ఒకటి రెండుసార్లు ఆగి మొదలైనా కంగారు పడకండి, కాస్త సమయమివ్వండి.

మీది అసెంబుల్డ్ కాకుండా ఆఫీసుల నుంచి వచ్చిన కంపెనీ సిస్టమ్ అయి ఉంటే సమాధానం మారేది. వాటిలో చాలావాటికి క్యూ65, క్యూ67, బీ65 చిప్‌సెట్లు ఉంటాయి. సాకెట్ 1155 అయినా ఈ మూడింటికీ ఇంటెల్ మూడో తరం మద్దతు ఇవ్వలేదు. అక్కడ ఎంత వెతికినా అప్‌డేట్ దొరకదు. వాటికి ఐ7-2600 దాకానే ప్రయాణం, అదీ 95 వాట్లది కనుక చిన్న క్యాబినెట్ అయితే కూలర్ తట్టుకుంటుందో లేదో చూసుకోవాలి.

ఇంతకంటే బాధాకరమైనది 1151 సాకెట్ కథ. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మద్దతు ఆగిపోయింది. విండోస్ 11 జాబితాలో ఇంటెల్ ప్రాసెసర్లు దాదాపుగా ఎనిమిదో తరం నుంచే మొదలవుతాయి. దాంతో ఆరో తరం నాటి హెచ్110 బోర్డులో పెడదామని ఐ5-8400 కొనేవాళ్ళున్నారు. సాకెట్ పేరు ఒకటే, పిన్నుల లెక్క ఒకటే, ప్రాసెసర్ కూర్చుంటుంది కూడా. కానీ 2017లో ఇంటెల్ ఆ పిన్నుల్లో కొన్నిటి పని మార్చింది. అంతకుముందు ఖాళీగా ఉంచిన కొన్నిటిని కరెంటుకు కేటాయించి, ఎనిమిదో తరానికి 300 సిరీస్ చిప్‌సెట్ తప్పనిసరి చేసింది. కంపెనీ ఇచ్చే ఏ బయోస్‌తోనూ హెచ్110 మీద అది నడవదు. తాళం కన్నంలో దూరిన ప్రతి చెవీ తిరగదు కదా. వేగం కోసం కాక విండోస్ కోసమే డబ్బు పెట్టిన మనిషి ఇలా నష్టపోవడం చూస్తే మనసు చివుక్కుమంటుంది.

ఏఎమ్‌డీ వైపు ఒక మంచి ముచ్చట ఉంది. 2018లో గ్రాఫిక్స్‌తో కూడిన రైజెన్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు, షాపుల్లో అప్పటికే ఉన్న బోర్డుల బయోస్ వాటిని గుర్తించలేదు. కొన్నవాళ్ళ దగ్గర పాత ప్రాసెసర్ లేదు, అది లేకుండా అప్‌డేట్ కుదరదు. అప్పుడు ఏఎమ్‌డీ కంపెనీయే అప్‌డేట్ చేసుకోవడానికని వేరే ప్రాసెసర్‌ను అరువిచ్చి, పని అయ్యాక వెనక్కి తీసుకుంది. అందువల్ల మీ ఐ3ని ఇప్పుడే అమ్మేయకండి.

గ్రాఫిక్స్ విషయంలో మీరు అదృష్టవంతులు. ఐ7-3770లో హెచ్‌డీ 4000 ఉంది, బోర్డు వెనక పోర్టుకే మానిటర్ తగిలించవచ్చు. చవగ్గా దొరుకుతోందని జియాన్ ఈ3-1240 వీ2 కొన్నవాళ్ళకు ఆ పోర్టు పనిచేయదు, అందులో గ్రాఫిక్స్ లేదు. ఐ3-9100ఎఫ్, ఐ5-9400ఎఫ్ లాంటి చివర ‘ఎఫ్’ ఉన్నవి, రైజెన్ 5 3600 కూడా అంతే. ప్రాసెసర్ బాగానే నడుస్తూ, విండోస్ కూడా తెరుచుకుని ఉండొచ్చు; చూపించే దారి లేక తెర నల్లగా ఉంటుంది. వాటికి విడిగా గ్రాఫిక్స్ కార్డు కావాలి, కేబుల్ ఆ కార్డుకే పెట్టాలి.

మీ పని గురించి ఒక మాట. ఇన్‌పేజ్‌లో ఉర్దూ, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తెలుగు చేసే పనికి ఎనిమిది థ్రెడ్‌ల ఐ7 పెద్దగా ఉపయోగపడదు. ఫొటోషాప్‌లో పెద్ద ఫైళ్ళు చేస్తే తేడా తెలుస్తుంది. ఇంకా హార్డ్ డిస్క్‌తోనే నడుపుతుంటే ముందు ఎస్‌ఎస్‌డీ వేయండి. హెచ్61లో సాటా వేగం 3 గిగాబిట్లే అయినా మార్పు మీకు మొదటి రోజే కనిపిస్తుంది. ర్యామ్ 8 జీబీకి పెంచండి, ఆ చిప్‌సెట్ 16 దాకా తీసుకుంటుంది.

ఇంత చేసినా, కొత్త బయోస్‌తో కూడా ఐ7 లేవకపోతే అప్పుడు దాన్ని పట్టుకుని షాపుకు వెళ్ళండి. మూడో తరం నడుస్తున్న వేరే బోర్డులో పెట్టించి ‘జరా చలాకే దిఖావ్ భాయ్’ అని అడగండి. సీటీసీ లాంటి కంప్యూటర్ మార్కెట్‌లో అయినా మరెక్కడయినా నమ్మకంగా వ్యాపారం చేసేవాళ్ళు కాదనరు. వెళ్ళే ముందు ప్రాసెసర్ మూత మీది అక్షరాలను ఫొటో తీసుకోండి. ఐ7-3770 మీద ఎస్‌ఆర్0పీకే అనే కోడ్ ఉండాలి. ఆ చోట ‘క్యూ’తో మొదలయ్యే కోడ్, ‘ఇంటెల్ కాన్ఫిడెన్షియల్’ అన్న ముద్ర ఉంటే అది అమ్మకానికి చేసింది కాదు, పరీక్షల కోసం చేసిన నమూనా. మామూలు బయోస్‌లో దానికి మైక్రోకోడ్ ఉంటుందన్న హామీ లేదు. అలాంటిదైతే మారు మాట లేకుండా తిరిగిచ్చి డబ్బు అడగండి.